ఆపదవేళ వైద్యుడికి పరీక్ష

సన్నీవేల్‌లో స్థిరపడిన మన కుటుంబాలలో డాక్టరు బంధువో, డాక్టరు స్నేహితుడో లేని ఇల్లు అరుదు. రాత్రి పదకొండు గంటలకు ఇంట్లో పెద్దావిడకు ఒంట్లో నలతగా ఉందనగానే 911 కంటే ముందు మనకు గుర్తుకు వచ్చేది ఆ డాక్టరు గారి ఫోను నెంబరే. "అన్నయ్యగారూ, నిద్ర లేపాము, ఏమీ అనుకోకండి" అని మొదలుపెడతాము. పాపం, ఆయన చర్మ వ్యాధుల నిపుణుడో, ఎముకల డాక్టరో అయి ఉంటారు. అయినా మొహమాటానికి పోయి నాలుగు ప్రశ్నలు అడుగుతారు. ఈ అలవాటు మనకు ఊరినుండి వచ్చింది. ఊళ్ళో డాక్టరు గారంటే అన్నిటికీ ఒక్కరే కదా!

ఈ వ్యాసం రాయడానికి కారణం మా ఇంట్లో 2016 చలికాలంలో జరిగిన సంగతి. మా అత్తగారు తెనాలి నుండి వచ్చి మా దగ్గర ఆరు నెలలు ఉన్నారు. ఒక రాత్రి భోజనం అయిన తరువాత "గుండెల్లో ఎలాగో ఉందర్రా, బరువుగా ఉంది" అన్నారు. ఒళ్ళంతా చెమట. మేము యథాప్రకారం తెలిసిన డాక్టరుకు ఫోను చేశాము, ఆయన ఫోను ఎత్తలేదు. అటు తరువాత కారులో ఆసుపత్రికి తీసుకుని వెళ్ళాము. మేము కారు పెట్టి వచ్చేలోపల మా పన్నెండేళ్ళ అబ్బాయి దుబాసీ పని చేశాడు. నర్సు "నొప్పి ఉందా?" అని అడిగితే, మా అత్తగారు "నొప్పేం లేదు నాయనా, గుండెల్లో బరువు, పైకి తన్నుతోంది" అన్నారు. మావాడు "నొప్పి లేదట, గ్యాసు" అని చెప్పాడు. ఇంట్లో మేము పైకి తన్నుతోందన్న మాటను దేనికి వాడతామో వాడు అదే అర్థం చెప్పాడు, వాడి తప్పేమీ లేదు. రెండు గంటలు కూర్చోబెట్టారు. ఆ తరువాత అటుగా వెళుతున్న ఒక యువ డాక్టరు ఆవిడ నుదుటి చెమట చూసి ఆగి, మళ్ళీ మొదటినుండి ప్రశ్నలు వేసి, ఇ.సి.జి. తీయించారు. అది గుండెపోటు. ఆవిడ బ్రతికి బయటపడ్డారు గాని, గుండె కండరంలో కొంత భాగం చచ్చిపోయింది. తరువాత మేడమెట్లు ఎక్కలేకపోయారు.

ఆనాటినుండి మమ్మల్ని ఒక ప్రశ్న వదలలేదు. ఆ యువ డాక్టరు ఆగాడు. ఇంకొకరు ఆగకుండా వెళ్ళిపోయి ఉండేవారు. ఇద్దరూ అవే పుస్తకాలు చదివారు, అవే పరీక్షలు ప్యాసయ్యారు. అటువంటి క్షణంలో సరైన పని చేసేవాడెవడో ముందుగా తెలుసుకునే పరీక్ష ఏదైనా ఉన్నదా? దాన్ని పట్టుకుని చదువుతూ పోతే మేము అనుకోని చోట్లకు వెళ్ళాము. అందులో కొన్ని మన సన్నీవేల్ సరిహద్దులోనే ఉన్నవి, కొన్ని హైదరాబాదులో ఉన్నవి.

హైదరాబాదు సంగతే ముందు చెబుతాము. నూటముప్పై ఏళ్ళ పైబడిన మాట. క్లోరోఫారం ఇచ్చి శస్త్రచికిత్స చేసేటప్పుడు రోగి హఠాత్తుగా చనిపోతే, ముందు ఆగేది శ్వాసా, గుండెా అని పెద్ద తగాదా నడిచింది. లండను వైద్యులు నాడిని చూడమన్నారు. ఎడిన్‌బరోలో చదివి వచ్చిన ఎడ్వర్డ్ లారీ, హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతిగా ఉండి, శ్వాసనే చూడాలి అని పట్టుబట్టాడు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఖర్చుతో 1888లో ఒక కమిషను, అది చాలదని లాన్సెట్ పత్రిక అనగా 1889లో రెండవ కమిషను కూర్చున్నవి. రెండవదానికి లండను నుండి లాడర్ బ్రంటన్ అనుమానంతోనే వచ్చాడు. వందలకొద్దీ కుక్కలమీద, కోతులమీద ప్రయోగాలు చేసి, లారీయే నిజమని తంతి కొట్టాడు. ఆ కార్యంలో పాల్గొన్నవారిలో ఆ పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూంజీ అనే వనిత కూడా ఉన్నది. ఆ రోజులలో అది చిన్న విషయం కాదు.

తీరా 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆయన పిల్లులమీద చేసిన ప్రయోగంలో అసలు గుట్టు బయటపడింది. మత్తు ఎక్కువైనప్పుడు శ్వాస ముందు ఆగుతుందన్నది నిజమే. కాని మత్తు తక్కువగా ఉన్నప్పుడే గుండె గతి తప్పి కొట్టుకుని ఒక్కసారిగా ఆగిపోవచ్చును. హైదరాబాదులో అంతమంది పెద్దలు కూర్చుని జాగ్రత్తగా కొలిచినది, వారు అడిగిన ప్రశ్నకు జవాబు. అడగని ప్రశ్న అలాగే ఉండిపోయింది. పరీక్షలన్నిటికీ ఈ జబ్బు ఉన్నదని మాకు ముందుముందు తెలిసింది.

ఇక మన డాక్టర్లు ఈ దేశానికి వచ్చిన కథ. 1956లో విదేశీ వైద్య పట్టభద్రుల యోగ్యతను చూసే సంస్థ పుట్టింది. 1958లో మొదటి పరీక్ష పెట్టింది. ఇ.సి.ఎఫ్.ఎం.జి. అన్న ఆ అక్షరాలు మన పెద్దవాళ్ళు నిద్రలో కూడా పలికేవారు. 1965లో వలస చట్టం మారిన తరువాత విశాఖపట్నం, గుంటూరు, హైదరాబాదు, కర్నూలు, వరంగల్, కాకినాడ, తిరుపతి వైద్య కళాశాలలనుండి మనవాళ్ళు బయలుదేరారు. పరీక్షలో 75 మార్కులు రావాలి. ఇంగ్లీషు వినగలడా లేదా అన్నది వేరే పరీక్ష. డాక్టర్లు తరలిపోతున్నారని భారత ప్రభుత్వం ఆ పరీక్షను దేశంలో జరపనివ్వని రోజులు కూడా నడిచాయి. అప్పుడు అప్పుచేసి కొలంబోకో, ఇంకొక దేశానికో వెళ్ళి రాసి వచ్చినవారు మన సంఘాలలో పెద్దలుగా ఉన్నారు. వారి పిల్లలు, మనుమలు ఈ సంచిక చదువుతున్నారు. మీ తాతగారిని ఒకసారి ఆ ప్రయాణం సంగతి అడిగి చూడండి, పరీక్ష ప్రశ్నలు మరచి ఉండవచ్చు గాని, ఆ ఓడో రైలో మరచి ఉండరు.

1976లో కాంగ్రెసు డాక్టర్ల కొరత తీరిపోయిందని చట్టం చేసి తలుపు సగం మూసింది. 1977 నుండి వీసా కావాలంటే వి.క్యూ.ఇ. అనే రెండు రోజుల గట్టి పరీక్ష. 1984లో దాని స్థానంలో మరొకటి. 1992 నుండి అందరికీ ఒకటే అయిన యు.ఎస్.ఎం.ఎల్.ఇ. మొదలైంది. ఇవన్నీ కాగితంమీద జవాబు గుర్తుపెట్టే పరీక్షలే. రోగిని ఎదురుగా కూర్చోబెట్టి చూసే పరీక్షను 1998లో విదేశీ డాక్టర్లకు మాత్రం పెట్టారు, అదీ ఫిలడెల్ఫియాలో. శిక్షణ పొందిన నటులు కడుపునొప్పి అనో, తలతిరుగుడు అనో నటిస్తారు. డాక్టరు పదిహేను నిముషాలలో మాట్లాడి, పరీక్షించి, పక్క గదిలో కూర్చుని రాయాలి. ఆరేళ్ళపాటు అమెరికాలో చదివినవారికి ఆ అగత్యం లేదు. 2004లో వారికీ పెట్టారు. పన్నెండు వందల డాలర్లు పైచిలుకు రుసుము, విమానం ఖర్చు, ఇంతా చేస్తే ఇక్కడివారిలో తప్పేవారు బహు తక్కువ. దండుగ అని విద్యార్థులు మొర్రో అన్నారు. 2020లో మహమ్మారి వచ్చి ఆగింది. 2021 జనవరిలో శాశ్వతంగా ఎత్తివేశారు. అంటే మా అత్తగారి నుదుటి చెమట చూసి ఆగవలసిన పనికి కాస్త దగ్గరగా వచ్చిన పరీక్ష అది ఒక్కటే. అదీ పోయింది. దానికి లోపాలు లేవని కాదు. కాని మనవాళ్ళను మాత్రమే నిలదీసిన ఆరేళ్ళు ఎవరికీ అభ్యంతరం లేకపోవడం మాకు కొంచెం కష్టంగానే తోచింది.

ఎమర్జెన్సీ వైద్యం ఒక ప్రత్యేక శాస్త్రంగా నిలబడిన వైనం ఇంతకంటే రసవత్తరం. 1960ల వరకు ఈ దేశంలో ఎమర్జెన్సీ రూము అంటే ఆసుపత్రి వెనుక తలుపు. కంటి డాక్టరైనా, చర్మం డాక్టరైనా వంతు వచ్చినప్పుడు రాత్రి కాపలా కాయవలసిందే. లేదా ఇంకా చదువుతున్న కుర్రవాణ్ణి పెట్టేవారు. అంబులెన్సు ఎక్కడిదంటే చాలా ఊళ్ళలో శవాలను మోసే బండే, అంత్యక్రియల దుకాణంవారిది. 1966లో జాతీయ విజ్ఞాన అకాడమీ వారు ప్రమాదవశాత్తు కలిగే మరణాలపై నివేదిక ఇచ్చి కళ్ళు తెరిపించారు. 1968 ఫిబ్రవరి 16న అలబామాలోని హేలీవిల్‌లో మొట్టమొదటి 911 ఫోను మోగింది. అదే ఏడు మిషిగన్‌లోని లాన్సింగులో కొందరు డాక్టర్లు ఎమర్జెన్సీ వైద్యుల సంఘం పెట్టారు. 1970లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో మొదటి రెసిడెన్సీ వచ్చింది. తక్కిన శాస్త్రాలవారు మాత్రం "మీకంటూ ఒక అవయవం లేదు, మీదేం శాస్త్రం?" అన్న ధోరణిలో ఉండేవారు.

అందుకని వీరు చేసిన పని చూడండి. గుర్తింపు అడగడానికి ముందే పరీక్ష తయారుచేశారు. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో వైద్య విద్యా పరిశోధన చేసే జాక్ మాట్ష్ బృందంతో కలిసి 1977లో ఆ పరీక్షకే పరీక్ష పెట్టారు. వైద్య విద్యార్థులను, రెసిడెన్సీ పూర్తిచేస్తున్నవారిని, ఏళ్ళ తరబడి ఎమర్జెన్సీలో పనిచేసినవారిని ఒకే ప్రశ్నలకు కూర్చోబెట్టారు. పరీక్ష నిజమైనదైతే విద్యార్థి వెనుకబడాలి, అనుభవజ్ఞుడు ముందుండాలి. అలాగే జరిగింది. 1979 సెప్టెంబరులో ఎమర్జెన్సీ వైద్యం ఈ దేశపు 23వ ప్రత్యేక శాస్త్రమైంది. 1980లో బోర్డువారు మొదటి పరీక్ష పెట్టారు.

అందులో మౌఖిక పరీక్ష గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పరీక్షకుడు ఒక బల్లకు ఆవల కూర్చుంటాడు. రోగి తానే, రోగి భార్య తానే, నర్సు తానే. "నలభై ఏళ్ళ మనిషి, ఊపిరి అందడం లేదు" అని మొదలుపెడతాడు. అడిగినది చెబుతాడు, అడగనిది చెప్పడు. మందు ఇస్తే రక్తపోటు మారుతుంది, ఇవ్వకపోతే రోగి దిగజారతాడు. కొన్ని ఘట్టాలలో ఒకేసారి ఇద్దరు ముగ్గురు రోగులు. ఒకరితో మాట్లాడుతుండగా నర్సు వచ్చి "డాక్టరు గారూ, రెండో మంచంలో ఆయన పలకడం లేదు" అంటుంది. మన హరికథా భాగవతారు ఒక్కడే రాముడు, రావణుడు, సీత అయినట్లు ఉంటుంది. చాలా ఏళ్ళు దీనికి దేశం నలుమూలలనుండి డాక్టర్లు చికాగోలో హోటలు గదులకు వెళ్ళేవారు. 2020 చివరినుండి కంప్యూటరు తెరమీదకు మారింది. 2026 నుండి దీని స్థానంలో నార్త్ కేరొలైనాలోని రాలీలో కొత్త తరహా పరీక్ష పెట్టాలని బోర్డువారు నిర్ణయించారు.

అంతా సాఫీగా జరిగిందనుకోకండి. రెసిడెన్సీ చేయకపోయినా 60 నెలలు, 7,000 గంటలు ఎమర్జెన్సీలో పనిచేసినవారు బోర్డు పరీక్షకు కూర్చునే వీలు మొదట ఉండేది. 1988 జూన్ 30తో ఆ తలుపు మూశారు. అప్పటికే ఏళ్ళుగా రాత్రిళ్ళు కాపలా కాసినవారు బయట నిలబడిపోయారు. గ్రెగొరీ డేనియల్ అనే డాక్టరు 1990లో కోర్టుకు ఎక్కాడు. పదిహేనేళ్ళు నడిచి 2005లో బోర్డు పక్షానే తీర్పు వచ్చింది. చేసి నేర్చినవాడి విద్యను పరీక్షకు కూడా ఒప్పుకోకపోవడం న్యాయమా అని మాకు తోచక మానదు. కాని ఎక్కడో ఒక గీత గీయకపోతే శాస్త్రం నిలబడదన్న వాదనలో కూడా పస లేకపోలేదు.

ఆ మిషిగన్ స్టేట్‌లోనే 1978లో ఆర్థర్ ఎల్‌స్టైన్, లీ షుల్మన్, సారా స్ప్రాఫ్కా ఒక పుస్తకం వెలువరించారు. డాక్టర్లు ఎలా ఆలోచిస్తారో కూర్చోబెట్టి గమనించిన ఫలితం అది. షుల్మన్ తరువాత మన పక్కనున్న స్టాన్‌ఫర్డుకే వచ్చారు. వారు కనుగొన్నవి రెండు ముఖ్యం. ఒకటి, రోగిని చూసిన తొలి నిముషాలలోనే డాక్టరు మనసులో రెండు మూడు ఊహలు పుడతాయి. తరువాత ప్రశ్నలన్నీ వాటి వెంటే పోతాయి. "గ్యాసు" అన్న మాట ముందు పడిందంటే తక్కినదంతా ఆ కళ్ళతోనే చూడడం జరుగుతుంది. రెండు, ఒక జబ్బులో మంచి నిర్ణయం తీసుకున్న డాక్టరు వేరే జబ్బులో కూడా తీసుకుంటాడన్న నమ్మకం లేదు. తెలివి అనేది సంచీలో వేసుకుని ఎక్కడికైనా పట్టుకుపోయే వస్తువు కాదు. అందుకే ఒక్క రోగిని చూపించి డాక్టరును తేల్చకూడదని, పలు ఘట్టాలు కావాలని పరీక్షలు పెట్టేవారు గ్రహించారు.

కంప్యూటర్ల ఊళ్ళో ఉంటూ కంప్యూటరు మాట చెప్పకపోతే మన పిల్లలు ఊరుకోరు. సన్నీవేల్‌లో లాక్‌హీడ్ కంపెనీ క్షిపణులు చేసే రోజులలోనే మౌంటెన్ వ్యూలోని ఎల్ కమీనో ఆసుపత్రికోసం ఒక కంప్యూటరు పద్ధతి తయారుచేసింది. 1971లో టెక్నికాన్ కంపెనీ దాన్ని కొన్నది. డాక్టర్లు తెరమీద లైట్ పెన్నుతో తాకి మందులు రాసేవారు. అదే దశాబ్దంలో స్టాన్‌ఫర్డులో ఎడ్వర్డ్ షార్ట్‌లిఫ్ మైసిన్ అనే ప్రోగ్రాము రాశాడు. 1979లో దానికి పెట్టిన పరీక్ష మాకు బాగా నచ్చింది. మెదడు పొరల వాపు వచ్చిన పదిమంది రోగుల వివరాలిచ్చి మైసిన్‌ను, స్టాన్‌ఫర్డు ఆచార్యులను, రెసిడెంటును, విద్యార్థిని మందు చెప్పమన్నారు. ఎవరు చెప్పినదో తెలియనీయకుండా బయటి నిపుణులు ఎనిమిదిమందిచేత దిద్దించారు. మైసిన్‌కు 65 శాతం వచ్చింది, ఆచార్యులలో మేటికి 62.5. అయినా మైసిన్ వార్డులో ఒక్క రోగికైనా మందు రాయలేదు. 2022 చివరలో మన పొరుగునున్న గూగుల్ వారి మెడ్-పామ్ యు.ఎస్.ఎం.ఎల్.ఇ. తరహా ప్రశ్నలలో 67 శాతం దాటినప్పుడు పత్రికలు చేసిన హడావుడి చూసి, మైసిన్ జ్ఞాపకం ఉన్నవారు నవ్వుకుని ఉంటారు. ప్రశ్నను ఎవరో అప్పటికే శుభ్రంగా రాసి పెట్టారు కదా! చెమట చూసినవాడు, "గుండెల్లో బరువు" అన్న మాట విన్నవాడు వేరే ఉన్నాడు.

ఇప్పుడు మాఫెట్ ఫీల్డు. ఫ్రీవే మీద పోతూ ఆ పెద్ద విమానశాలను చూడని సన్నీవేల్ బిడ్డ ఉండడు. 1978 డిసెంబరు 28న పోర్ట్‌లండ్ దగ్గర ఒక విమానం చక్రాల గొడవలో పడి గిరగిరా తిరిగి, ఇంధనం అయిపోయి కూలింది. పదిమంది పోయారు. ఇంధనం తగ్గుతున్నదని కాక్‌పిట్‌లో తెలియనిది కాదు. తెలిసినవాడు మెల్లగా చెప్పాడు, కెప్టెను చెవిని పడలేదు. 1979లో మాఫెట్ ఫీల్డులోని నాసా ఏమ్స్ కేంద్రంవారు ఇటువంటి ప్రమాదాలమీద ఒక సభ జరిపారు. సిబ్బంది ఒకరితో ఒకరు ఎలా మాట్లాడాలి, ఎవరు దేన్ని గమనించాలి అన్న శిక్షణ అందులోనుండి పుట్టింది. దాన్ని పాలో ఆల్టోలో మత్తుమందు వైద్యుడు డేవిడ్ గాబా పట్టుకున్నాడు. 1986లో ఆపరేషను గదిలో బొమ్మ మనిషిని పడుకోబెట్టి, నిజమైన పరికరాలు తగిలించి, గుండె ఆగినట్లు, ఊపిరి ఆగినట్లు నడిపించాడు. డాక్టరుకు ఏం తెలుసునో మాత్రమే కాదు, ఎప్పుడు చేశాడు, ఎవరిని పిలిచాడు, ఎవరి మాట విన్నాడు అన్నవి కూడా వీడియోలో చూసి చర్చించేవారు. హైదరాబాదు కమిషను అడగని ప్రశ్నలు ఇవి.

ఆ గాలి మళ్ళీ హైదరాబాదుకే వీచింది. 2005 ఆగస్టు 15న అక్కడ 108 అంబులెన్సులు రోడ్డెక్కాయి. పల్లెటూళ్ళో పాముకాటుకైనా, పురిటికైనా ఒక్క నెంబరు. కాని బండిలో ఎక్కే మనిషికి తర్ఫీదు కావాలి. 2007లో స్టాన్‌ఫర్డు ఎమర్జెన్సీ వైద్యులు ఎస్.వి. మహదేవన్ గారి ఆధ్వర్యంలో హైదరాబాదు శివారు దేవరయాంజాల్‌లోని సంస్థ ఆవరణకు వెళ్ళి రెండేళ్ళ పారామెడిక్ కోర్సు మొదలుపెట్టారు. ముందుగా అక్కడి బోధకులను తయారుచేశారు. బొమ్మలమీద, ఒకరిమీద ఒకరు నటించి చూపుకుంటూ అభ్యాసం. 2009లో భారత వైద్య మండలి ఎమర్జెన్సీ వైద్యాన్ని ప్రత్యేక శాస్త్రంగా గుర్తించింది. అమెరికాకంటే సరిగ్గా ముప్పై ఏళ్ళు వెనుక.

మన ఊరి సంగతి ఒకటి చాలామందికి తెలియదు. సన్నీవేల్‌లో 1950 నుండి పోలీసు, అగ్నిమాపక శాఖ వేరువేరు కాదు. ఒకే పబ్లిక్ సేఫ్టీ శాఖలో ప్రతి అధికారికీ మూడు విద్యలు నేర్పుతారు, మూడోది ప్రాణాపాయంలో ప్రథమ చికిత్స. 911 పిలిస్తే ముందుగా గుమ్మంలోకి వచ్చేది వారే. కారులో తీసుకుపోవడం కంటే అదే మేలని మేము ఆలస్యంగా తెలుసుకున్నాము. ఎల్ కమీనో ఆసుపత్రిలో 2006 నుండి దక్షిణాసియావారి గుండెజబ్బులకు ప్రత్యేక కేంద్రం కూడా ఉన్నది. మనవాళ్ళకు ఆ జబ్బు చిన్న వయసులోనే వస్తున్నదని గ్రహించి పెట్టినది.

మా అబ్బాయి ఇప్పుడు కాలేజీలో ఉన్నాడు. కిందటి వేసవిలో ఇ.ఎం.టి. కోర్సులో చేరాడు. పరీక్ష ముందు రోజు సోఫామీద మమ్మల్ని పడుకోబెట్టి, చేతిలో గడియారం, పక్కన మార్కుల కాగితం పెట్టుకుని అభ్యాసం చేశాడు. మేము కావాలనే తెలుగులో "నొప్పేం లేదు నాయనా, గుండెల్లో బరువు" అన్నాము. వాడు ఒక్క క్షణం ఆగి మా మొహం చూశాడు. తరువాత ఎప్పుడు మొదలైంది, చెయ్యి లాగుతోందా, దవడ లాగుతోందా, చెమట పట్టిందా అని తెలుగులోనే వరుసగా అడిగి, మూలుగుతున్న మమ్మల్ని వదలకుండా ఆస్పిరిన్ పడుతుందో లేదో కూడా కనుక్కున్నాడు. అంతా అయ్యాక కాగితం చూసుకుని నెత్తి కొట్టుకున్నాడు. చేతికి గ్లవ్సు వేసుకున్నానని పైకి చెప్పడం మరచిపోయాడట. ఆ కాగితం ప్రకారం అది ఒక్కటీ చాలును, ఫెయిలు. మళ్ళీ మొదటినుండి పడుకోమన్నాడు.